ఇమేజర్ చూపించే 22 ఫీల్డులు: ఎక్కడ ఆగొచ్చు, ఎప్పుడు స్లైడంతా చూడాలి?

స్లైడ్‌బెంచ్

అందరికీ నమస్తే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు తీసే లిక్విడ్ బేస్డ్ పాప్ స్లైడ్లను (కణాలను ద్రవంలో సేకరించి గాజు మీద పలచటి వృత్తంగా పరిచినవి) ఇప్పటిదాకా పూర్తిగా మాన్యువల్‌గా చూసే ల్యాబులో థిన్‌ప్రెప్ ఇమేజర్ వాడకం మొదలవుతోంది. మెషీన్ స్లైడును స్కాన్ చేసి 22 ఫీల్డులు ఎంచుతుంది, రివ్యూ స్కోపు మోటరు స్టేజీ మనల్ని ఒక్కొక్కదాని దగ్గరికి తీసుకెళ్తుంది. అన్నీ నార్మల్ అయితే స్లైడు అక్కడితో ముగించవచ్చు, ఒక్కదాంట్లో అనుమానం వచ్చినా స్లైడంతా చూడాలి. ట్రైనింగులో చెప్పింది ఇంతే. స్కోపు ముందు కూర్చున్నాక వచ్చే సందేహాలు వేరు.

మొదటిది, ప్రతి బ్యాచులో కొన్ని స్లైడ్లను మెషీన్ చదవలేక వెనక్కి ఇస్తోంది. తుడిచి మళ్లీ పెడితే కొన్ని వెళ్తున్నాయి, కొన్ని ఎన్నిసార్లు పెట్టినా వెళ్లడం లేదు. ఎక్కడ వెతకాలి?

రెండోది, 22 ఫీల్డుల్లో ఏమీ లేకపోయినా స్లైడంతా చూడాల్సిన సందర్భాలు ఏవి? విడివిడిగా పడి ఉండే చిన్న హెచ్‌సిల్ (క్యాన్సర్‌కు ముందు వచ్చే తీవ్రమైన మార్పు) కణాలను మెషీన్ వదిలేస్తుందన్న మాట వింటున్నాం. అది ఎంతవరకు నిజం, ఎందుకు?

మూడోది, ఫీల్డులు మాత్రమే చూసిన స్లైడును, ఫీల్డులతోపాటు మొత్తం చూసిన స్లైడును రోజు లెక్కలో ఎలా వేసుకుంటారు?

---

హెమటాక్సిలిన్

మొదటి ప్రశ్నకు దాదాపు జవాబు మీ ప్రశ్నలోనే ఉందండీ. తుడిస్తే వెళ్లే స్లైడులో తప్పు గాజు పైన ఉంది. ఎన్నిసార్లు పెట్టినా వెళ్లని స్లైడులో తప్పు కవర్‌స్లిప్ (కణాల మీద కప్పే పలచటి గాజు) కింద ఉంది. రిజెక్టయిన ప్రతి స్లైడుకూ ఎర్రర్ కోడు, ఏ స్టెయినింగ్ ర్యాకు, ర్యాకులో ఎన్నో స్థానం, కవర్‌స్లిప్ ఎప్పుడు వేశారు అన్నవి ఒక పుస్తకంలో రాయించండి. రిజెక్టులు బ్యాచంతా చెల్లాచెదురుగా ఉంటే దుమ్ము, వేలిముద్రలు, లేబులు సమస్య. ఒకే ర్యాకులో గుంపుగా ఉంటే స్టెయినింగ్ లైనులోనో మౌంటింగులోనో ఏదో జరిగింది.

గాజు పైన చూడాల్సినవి: వేలిముద్ర, ఎండిన మౌంటింగ్ మీడియం మరకలు, లేబులు వంకరగా అంటించడం వల్ల నంబరు చదవలేకపోవడం, అనుమానపు కణాలకు గతంలో పెట్టిన చుక్కల ఇంకు. స్లైడును మళ్లీ స్కాన్‌కు పంపేటప్పుడు కవర్‌స్లిప్ మీద పెన్ను చుక్క ఒక్కటి కూడా ఉండకూడదు.

కవర్‌స్లిప్ కింద ముందుగా ఫిడ్యూషియల్ గుర్తులు చూడండి. ఇమేజర్ స్లైడ్ల మీద ముద్రించి ఉండే ఆ గుర్తులను బట్టే మెషీన్ ప్రతి ఫీల్డు స్థానాన్ని లెక్కగడుతుంది. తర్వాత రివ్యూ స్కోపు అవే గుర్తులను మళ్లీ వెతికి స్టేజీని సరిగ్గా అక్కడికి జరుపుతుంది. కవర్‌స్లిప్ అంచు గుర్తు మీదుగా పోయినా, అక్కడ గాలి బుడగ ఉన్నా స్లైడు వెనక్కి వస్తుంది. స్కాన్‌లో గట్టెక్కి రివ్యూ స్కోపు దగ్గర ఆగిపోయే స్లైడ్లలో కూడా చాలాసార్లు కారణం ఇదే. కవర్‌స్లిప్ ప్రతిసారీ ఒకే చోట పడేలా చూసుకుంటే ఈ రకం రిజెక్టులు బాగా తగ్గుతాయి.

తర్వాత మౌంటింగ్ మీడియం మందం. 40ఎక్స్ ఆబ్జెక్టివ్ 0.17 మిల్లీమీటర్ల గాజుకు సరిచేసి తయారవుతుంది. కవర్‌స్లిప్‌కీ కణాలకీ మధ్య జిగురు పొర మందంగా ఉంటే ఆ లెక్క తప్పుతుంది, ఫోకస్ దొరకదు. మందంగా వేసిన మీడియం ఆరడానికీ ఎక్కువ సమయం పడుతుంది. ఆరకముందే కార్ట్రిడ్జిలో పెడితే స్లైడు అంటుకుపోతుంది, లాగేటప్పుడు కవర్‌స్లిప్ పక్కకు జరుగుతుంది. పలచగా వేయండి, పూర్తిగా ఆరనివ్వండి, స్కాన్‌కు తొందరపడొద్దు.

స్లైడు పాలలా మసకగా కనిపిస్తే క్లియరింగ్‌లోకి, అంటే జైలీన్‌తో స్లైడును పారదర్శకం చేసే దశలోకి, నీళ్లు చేరాయని అర్థం. చివరి అబ్సల్యూట్ ఆల్కహాలు, మొదటి జైలీన్ డబ్బా రెండూ మార్చాలి. ఒక్క జైలీన్ మారిస్తే మరుసటి ర్యాకుకే మళ్లీ మసకబారుతుంది. సూపర్‌ఫీషియల్ కణాల మీద గోధుమరంగు పెచ్చుల్లా కనిపించే కార్న్‌ఫ్లేకింగ్ మాత్రం వేరు. జైలీన్‌ నుంచి తీశాక కవర్‌స్లిప్ వేయడం ఆలస్యమై, కణం మీద గాలి చిక్కుకోవడం వల్ల అది వస్తుంది. కవర్‌స్లిప్ తీసి జైలీన్, ఆల్కహాలు, నీళ్లు అని వెనక్కి నడిపి మళ్లీ స్టెయిన్ చేస్తే పోతుంది. ఇమేజర్‌కు ఆ గోధుమరంగు కూడా నలుపే కాబట్టి దాన్ని మాన్యువల్ రోజుల్లోలాగా చూసీ చూడనట్టు వదలకూడదు.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి. రిజెక్టయిన స్లైడు కంటికి కనిపిస్తుంది, చేత్తో చూసుకుంటాం, ఎవరికీ నష్టం లేదు. రిజెక్టు కాకుండా స్టెయిన్ తేలిపోయిన స్లైడుతోనే ప్రమాదం. ఈ ఇమేజర్ న్యూక్లియస్‌లో డీఎన్‌ఏ ఎంత ఉందో దానికి పట్టిన రంగు గాఢత నుంచి కొలుస్తుంది. అందుకే మామూలు పాపనికొలావ్ హెమటాక్సిలిన్ కాకుండా డీఎన్‌ఏ మోతాదుకు తగ్గట్టు పట్టే స్టెయిన్‌నే వాడమంటారు. స్టెయిన్ పాతబడినా, బాగా వంపకుండా ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాకు ర్యాకు మార్చడం వల్ల పలచబడినా, స్లైడు ఫిక్సేటివ్‌లో పడేలోపు గాలికి ఆరినా, న్యూక్లియస్ వెలిసిపోతుంది. అప్పుడు కూడా మెషీన్ 22 ఫీల్డులు ఇస్తూనే ఉంటుంది. ఏవి ముందు, ఏవి వెనక అన్న వరస మాత్రం చెడిపోతుంది. అది ఏ ఎర్రర్ కోడులోనూ కనబడదు.

అందుకని ప్రతి స్టెయినింగ్ బ్యాచులో మొదటి స్లైడు స్కాన్‌కు పంపేముందు మైక్రోస్కోపు కింద చూడండి. న్యూట్రోఫిల్ న్యూక్లియస్ ముదురు నీలంలో, అంచు తెగ్గొట్టినట్టు స్పష్టంగా ఉండాలి. ఇంటర్మీడియట్ కణం న్యూక్లియస్‌లో క్రోమాటిన్ రేణువులు కనబడాలి, నల్లటి ముద్దలా ఉండకూడదు. సైటోప్లాజమ్ నీలి ఆకుపచ్చ, గులాబి, నారింజ విడివిడిగా తెలియాలి. స్టెయిన్ వడపోయకపోతే తేలే రేణువులు కూడా మెషీన్‌కు చిక్కటి న్యూక్లియస్‌లానే కనిపిస్తాయి, కాబట్టి వడపోత రోజూ చేయాల్సిన పనే.

---

స్క్రీనర్‌అక్క

రెండో ప్రశ్నకు నేను చెబుతాను.

ముందు కొలతలు చూద్దాం. థిన్‌ప్రెప్ కణాల వృత్తం వ్యాసం 20 మిల్లీమీటర్లు, వైశాల్యం దాదాపు 314 చదరపు మిల్లీమీటర్లు. ఐపీస్ ఫీల్డ్ నంబరు 22 అయితే 10ఎక్స్ దగ్గర ఒక ఫీల్డు 3.8 చదరపు మిల్లీమీటర్లు. 22 ఫీల్డులంటే సుమారు 84. అంటే వృత్తంలో నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువ, ఫీల్డులు ఒకదాని మీద ఒకటి పడితే ఇంకా తక్కువ. మిగతా మూడు వంతులను చూడకుండానే రిపోర్టు ఇస్తున్నాం. ఈ నాలుగో వంతులోకి సరైన కణాలు వచ్చి ఉంటాయా అన్నదే మొత్తం ప్రశ్న.

చిన్న హెచ్‌సిల్ కణాల సంగతి నిజమే, కానీ కారణాలు రెండున్నాయి, రెండింటినీ కలిపి మాట్లాడితే ఏం సరిచేయాలో తెలియదు.

ఒకటి, మెషీన్‌కు ఆ కణం దొరకకపోవడం. ఫీల్డుల సంఖ్య స్థిరం. స్లైడు నిండా లింఫోసైట్ల గుంపులు, రక్తం ముద్దలు, స్టెయిన్ రేణువులు, ముడుచుకున్న పిక్నాటిక్ న్యూక్లియైలు ఉంటే అవన్నీ చిక్కగానే కనిపించి జాగాలు ఆక్రమిస్తాయి. పది పన్నెండు జాగాలు చెత్తకే పోతే అసలు కణానికి మిగిలేవి సగం. అలాగే కొన్ని హెచ్‌సిల్ కణాల న్యూక్లియస్ ముదురుగా ఉండదు, పాలిపోయి ఉంటుంది. న్యూక్లియస్ అంచు వంకరటింకరగా, న్యూక్లియస్‌కూ సైటోప్లాజమ్‌కూ నిష్పత్తి ఎక్కువగా, కానీ రంగు తక్కువగా. రంగు గాఢతే ఆధారమైన మెషీన్ వరసలో ఇవి కిందికి జారిపోతాయి.

రెండోది, కణం ఫీల్డులోనే ఉండి మనం వదిలేయడం. ఇదే ఎక్కువ బాధపెట్టే తప్పు, ఎందుకంటే నివారించగలిగింది ఇదే. థిన్‌ప్రెప్‌లో హెచ్‌సిల్ కణాలు గుంపుల మధ్య ఖాళీల్లో ఒంటరిగా పడి ఉంటాయి. ఫీల్డు రాగానే చూపు పెద్ద గుంపు మీదికి పోతుంది, పక్కన ఖాళీలో ఉన్న కణం మీదికి పోదు. ఫీల్డు మధ్యలో ఉన్నదే మెషీన్ చూపించదలచిందని అనుకోవడం ఇంకో అలవాటు. అలా అనుకోవద్దు, ఫీల్డంతా అంచులతో సహా చూడాలి. 10ఎక్స్ దగ్గరే బటన్ నొక్కి ముందుకు పోయే స్క్రీనరుకు ఈ కణాలు దొరకవు. ఒంటరి చిన్న కణం ఏది కనిపించినా 40ఎక్స్‌కు వెళ్లండి. అది హిస్టియోసైటా, మెటాప్లాస్టిక్ కణమా, ఊడిపోయిన ఎండోమెట్రియల్ కణమా, హెచ్‌సిలా అన్నది 10ఎక్స్‌లో తేలదు.

22 ఫీల్డుల్లో అసాధారణం ఏమీ లేకపోయినా నేను స్లైడంతా చూడమనే సందర్భాలు ఇవి. గత రిపోర్టులో హెచ్‌సిల్, ఏఐఎస్ (గ్రంథి కణాల్లో క్యాన్సర్‌కు ముందు దశ), క్యాన్సర్ ఉన్నా, చికిత్స తర్వాత ఫాలోఅప్ అయినా. సంభోగం తర్వాత రక్తస్రావం అనో, మెనోపాజ్ తర్వాత రక్తస్రావం అనో, గర్భాశయ ముఖద్వారం మీద పెరుగుదల కనిపించిందనో ఫారంలో రాసి ఉన్నా. సగానికి సగం ఫీల్డులు రక్తం, శిథిల కణాలు, చీముకణాలతో నిండి ఉన్నా. ట్యూమర్ డయాథిసిస్ (క్యాన్సర్ చుట్టూ చేరే రక్తం, చచ్చిన కణాల చెత్త) చాలాసార్లు కణాల అంచులకు అంటుకున్న బూడిదరంగు చెత్తలా మాత్రమే కనిపిస్తుంది, నేపథ్యమే మొదటి ఆనవాలు. కణాలు తక్కువని అనిపించినా స్లైడంతా చూడాల్సిందే.

కణాలు తక్కువ అనడానికీ లెక్క ఉంది. పాప్ రిపోర్టులకు వాడే 2014 బెథెస్డా పద్ధతి ప్రకారం లిక్విడ్ స్లైడుకు కనీసం 5,000 స్క్వామస్ కణాలు కావాలి. 20 మిల్లీమీటర్ల వృత్తానికి 40ఎక్స్ దగ్గర ఫీల్డ్ నంబరు 20 అయితే సగటున ఫీల్డుకు 3.1, నంబరు 22 అయితే 3.8 కణాలు. ఇంకో కంపెనీ లిక్విడ్ పద్ధతి అయిన ష్యూర్‌పాత్ వృత్తం 13 మిల్లీమీటర్లే కాబట్టి అదే సరిహద్దుకు 7.4, 9.0 అవుతాయి. మధ్య మీదుగా ఒక గీతలో పది ఫీల్డులు లెక్కపెట్టి సగటు తీయండి, ఖాళీలు ఉంటే వాటినీ కలుపుకొని. మెషీన్ ఎంచిన ఫీల్డుల మీద మాత్రం ఈ లెక్క కట్టకూడదు, అవి ఏరి తెచ్చినవి, సగటు కాదు. ఒక్క అసాధారణ కణం ఉన్నా స్లైడు అన్‌శాటిస్‌ఫాక్టరీ (రిపోర్టు ఇవ్వడానికి చాలనిది) కాదన్న నియమం మీకు తెలిసిందే. దాన్నే తిప్పి చెబితే, కణాలు చాలని స్లైడును స్లైడంతా చూడకుండా అన్‌శాటిస్‌ఫాక్టరీ అని పంపకూడదు.

---

హెమటాక్సిలిన్

స్క్రీనర్‌అక్క చెప్పిన జాగాల సంగతికి ప్రిపరేషన్ వైపు నుంచి ఒక మాట. రక్తంతో ఫిల్టరు మూసుకుపోయిన స్లైడును ఇమేజర్‌కు పంపి లాభం లేదు. వయల్‌లో మిగిలిన శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, 9 వంతుల సైటోలిట్ (రక్తం కడిగే ద్రావణం), 1 వంతు గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ కలిపిన ద్రావణం 30 మిల్లీలీటర్లతో కడిగి, మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేసి, కణాలను నిల్వ ఉంచే ప్రిజర్వ్‌సైట్ ద్రవంలోకి మార్చి రెండో స్లైడు తీయండి. హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష ఉంటే దానికి కావలసిన భాగం ఈ కడుగుడుకు ముందే తీసి పక్కన పెట్టాలి.

రక్తం లేకుండానే వృత్తం మధ్య ఖాళీగా, అంచున మాత్రం కణాలు వలయంలా ఉంటే లూబ్రికెంటును అనుమానించండి. కార్బోమర్ ఉన్న జెల్ ఫిల్టరు రంధ్రాలకు అడ్డుపడుతుంది. ఇది ల్యాబులో సరిచేయలేం, శాంపిల్ తీసేవాళ్లకు చెప్పాలి: నీళ్లతో తడిపిన స్పెక్యులం, తప్పదంటే కార్బోమర్ లేని జెల్, అదీ అంచుకు తగలకుండా కొద్దిగా.

---

క్యూసీ_రిజిస్టర్

మూడో ప్రశ్న. అమెరికాలో వైద్య పరికరాలకు అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ 2010లో ఇచ్చిన వివరణ అందరికీ పనికొస్తుంది. ఫీల్డులు మాత్రమే చూస్తే 0.5 స్లైడు. నేరుగా స్లైడంతా మాన్యువల్‌గా చూస్తే 1. ఫీల్డులు చూసి, ఆపైన స్లైడంతా కూడా చూస్తే 1.5. ల్యాబుల నాణ్యతకు అక్కడున్న క్లియా నియమం ప్రకారం 24 గంటల్లో 100 దాటకూడదు, ఆ 100 కూడా 8 గంటలకు తక్కువ కాకుండా చూడాలి. 100 అనేది పైకప్పు, టార్గెట్ కాదు. ఒక్కో స్క్రీనరుకు వ్యక్తిగత పరిమితి పెట్టి ఆరు నెలలకోసారి సమీక్షించాలని అదే నియమం చెబుతుంది. అమెరికన్ సొసైటీ ఆఫ్ సైటోపాథాలజీ ఇమేజర్ వాడే ల్యాబుల్లో స్క్రీనర్ల సగటు రోజుకు 70 స్లైడ్లు దాటవద్దని సూచించింది. నా దృష్టిలో అది సరైన సంఖ్య.

ఇందులో ఒక చిన్న లెక్క వేసుకుంటే చాలా విషయాలు తేలిపోతాయి. స్లైడ్లలో ఎంత వాటా ఫీల్డుల నుంచి పూర్తి స్లైడుకు వెళ్తుందో దాన్ని 0.5కు కలపండి, ఒక్కో స్లైడుకు సగటు భారం వస్తుంది. 20 శాతం వెళ్తే 0.7. 30 శాతమైతే 0.8. 50 శాతం వెళ్తే 1, అంటే మాన్యువల్‌తో సమానం, మెషీన్ వల్ల ఆదా అయింది సున్నా. కాబట్టి గత చరిత్ర వల్ల ఎలాగూ స్లైడంతా చూడాల్సినవాటిని ముందే వేరుచేసి నేరుగా మాన్యువల్‌కు పంపండి. 1.5 బదులు 1తో పోతుంది, స్క్రీనరు కళ్లకూ విశ్రాంతి.

పూర్తి స్లైడుకు వెళ్లే శాతాన్ని స్క్రీనరు వారీగా నెలనెలా తీయండి. అందరిదీ ఒక చోట ఉండి ఒకరిది మాత్రం బాగా తక్కువగా ఉంటే వాళ్ల నెగటివ్‌లు తీసి చూడండి. బాగా ఎక్కువగా ఉంటే ఇంకా మెషీన్ మీద నమ్మకం కుదరలేదని అర్థం, అది తప్పు కాదు, సమయం ఇవ్వాలి. దీనికి తోడు ఆస్క్ (తేల్చి చెప్పలేని స్క్వామస్ మార్పు), సిల్ (ఖాయమైన స్క్వామస్ మార్పు) నిష్పత్తి 3 దాటకుండా ఉందా, ఆస్కస్ (ఆస్క్‌లో తక్కువ అనుమానపు రకం) అన్నవాటిలో హెచ్‌పీవీ పాజిటివ్ శాతం ఎంత అన్నవీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు అతిగా పిలుస్తున్నారో, ఎవరు తక్కువ పిలుస్తున్నారో తెలుస్తుంది.

నెగటివ్‌ల రీస్క్రీనింగ్ క్లియాలో కనీసం 10 శాతం, హై రిస్క్ కేసులు కలుపుకొని. దీన్ని మళ్లీ అవే 22 ఫీల్డులతో చేస్తే మెషీన్ వదిలేసిన కణాన్ని రెండోసారీ వదిలేస్తాం. రీస్క్రీన్ అంటే మామూలు మైక్రోస్కోపు, స్లైడంతా, ఫీల్డుల ఫలితం చూడకుండా. ఈ విషయంలో రాజీ వద్దని గట్టిగా చెబుతున్నాను.

తప్పిపోయిన కేసు ఏది దొరికినా స్లైడును మళ్లీ రివ్యూ స్కోపు మీద పెట్టి ఒకే ప్రశ్న అడగండి: ఆ కణం 22 ఫీల్డుల్లో ఉందా, లేదా? ఉంటే అది చూపు తప్పు, స్క్రీనరుతో కలిసి కూర్చుని చూడాలి. లేకపోతే స్టెయిన్ చూడాలి, ప్రిపరేషన్ చూడాలి, అదే రోజు స్టెయిన్ అయిన మిగతా నెగటివ్‌లను తీయాలి. రిజిస్టరులో ఈ రెండింటికీ వేర్వేరు గళ్లు పెట్టండి. కలిపి రాస్తే ఆరు నెలల తర్వాత దానితో ఏమీ నేర్చుకోలేరు.

బ్రిటన్‌లో మాన్యువల్‌తో పోల్చి చేసిన మావరిక్ ట్రయల్ ఫలితాలు 2011లో వచ్చాయి. సీఐఎన్2 (బయాప్సీలో తేలే మధ్యస్థ తీవ్రత మార్పు), ఆపై లీజియన్లకు మెషీన్ సాయంతో చదివినప్పుడు సెన్సిటివిటీ మాన్యువల్‌తో పోలిస్తే 8 శాతం తక్కువని తేలింది, పని వేగం మాత్రం బాగా పెరిగింది. మంచి మాన్యువల్ స్క్రీనింగ్ ఉన్న చోటికి మెషీన్ తెస్తే అది దానంతటదే మెరుగుపడదని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. మొదలుపెట్టేముందు మీ సొంత స్లైడ్లతో వెరిఫికేషన్ తప్పనిసరి. అందులో సులువైన ఎల్‌సిల్‌లు (తక్కువ తీవ్రత మార్పులు) పోగేయకండి. కొద్ది కణాలే ఉన్న హెచ్‌సిల్, ఏఐఎస్, రక్తంలో మునిగిన స్క్వామస్ క్యాన్సర్, అట్రోఫీ (హార్మోన్లు తగ్గి కణాలు పూర్తిగా ఎదగని స్థితి), అన్‌శాటిస్‌ఫాక్టరీ, ఇవి ఉండాలి. మెషీన్‌తో చదివింది, మాన్యువల్‌గా చదివింది ఒకరికొకరికి తెలియకూడదు, మధ్యలో స్లైడు గుర్తుండిపోనంత విరామం ఉండాలి.

---

స్లైడ్‌బెంచ్

చాలా కృతజ్ఞతలు. 0.5కు వాటా కలిపే లెక్క ఇంత సూటిగా ఉంటుందని అనుకోలేదు. రెండు అనుబంధ ప్రశ్నలు. మెనోపాజ్ తర్వాతి అట్రోఫిక్ స్లైడ్లలో దాదాపు ప్రతి ఫీల్డూ చిక్కటి గుంపులతోనే వస్తోంది. వాటన్నిటినీ మాన్యువల్‌కు పంపేయడమేనా? ఇంకోటి, ష్యూర్‌పాత్ వాడే ల్యాబులకు ఇదే వర్తిస్తుందా?

---

స్క్రీనర్‌అక్క

అట్రోఫీకి అడ్డదారి లేదండీ. అట్రోఫీలో కనిపించే కింది పొరల పారాబేసల్ కణాల న్యూక్లియస్ సహజంగానే ఇంటర్మీడియట్ కన్నా పెద్దది, పైగా పలకలుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, న్యూక్లియైలు అతివ్యాపించిన చోట గాఢత కలిసిపోయి మెషీన్‌కు ఎక్కువగా కనిపిస్తుంది. దానికి తోడు బ్లూ బ్లాబ్స్ (శిథిల కణాల ముదురు నీలి గుండ్రటి ముద్దలు). గుంపు ముదురుగా ఉందని కంగారు పడకుండా గుంపు అంచు చూడండి. అంచున ఉన్న న్యూక్లియైలు గుండ్రంగా, ఒకే తీరుగా, క్రోమాటిన్ సమంగా ఉంటే అట్రోఫీ. అంచు కణాల్లో న్యూక్లియస్ ముడతలు, గరుకు క్రోమాటిన్, కణానికి కణానికి తేడా ఉంటే, గుంపులో పోలారిటీ (కణాలు ఒక దిక్కుగా అమరడం) లేకపోతే, మైటోసిస్ కనిపిస్తే అక్కడితో ఆగి స్లైడంతా. లోతు పొరలు చూడటానికి ఫైన్ ఫోకస్ తిప్పుతూనే ఉండాలి. అట్రోఫిక్ అని ముందే తెలిసిన స్లైడ్లను నేరుగా మాన్యువల్‌కు పంపినా నేను తప్పుపట్టను, క్యూసీ గారి లెక్క ప్రకారం అదే చవక.

ష్యూర్‌పాత్‌కు మెషీన్ వేరు, ఫోకల్‌పాయింట్. దాని గైడెడ్ స్క్రీనింగ్‌లో చూపించేది 10 ఫీల్డులు. ఆ మెషీన్ స్లైడుకు స్కోరు ఇచ్చి వరసలో పెడుతుంది, కింది వరసలోని ఎక్కువలో ఎక్కువ 25 శాతాన్ని ఇక చూడనక్కర్లేదని పక్కన పెట్టగలదు. ష్యూర్‌పాత్‌లో కణాలు సాంద్రత ద్రావణం గుండా దిగి గాజు మీద కూర్చుంటాయి కాబట్టి పొర లోతు ఎక్కువ, చిన్న కణాలు ఒక తలంలో, గుంపులు ఇంకో తలంలో ఉంటాయి. థిన్‌ప్రెప్ అలవాటుతో ఫోకస్ కదపకుండా చూస్తే పొరపాటవుతుంది.

---

గ్లాండ్‌సెల్

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తూనే ఒకటి కలపాలి. అందరూ చిన్న స్క్వామస్ కణాల గురించే మాట్లాడుతున్నారు, గ్రంథి కణాలు పక్కన పడిపోతున్నాయి. ఏఐఎస్ గుంపులు ముదురుగా ఉంటాయి కాబట్టి మెషీన్ సాధారణంగా వాటిని ఫీల్డులోకి తెస్తుంది. తప్పు జరిగేది చదవడంలో. లిక్విడ్ స్లైడులో గుంపు చిన్నగా, మందంగా ముడుచుకుని ఉంటుంది, మామూలు స్మియర్‌లో కనిపించే ఈకల అంచు ఇక్కడ పొట్టిగా ఉంటుంది. ట్యూబల్ మెటాప్లేసియా (గ్రంథి కణాలు ఫెలోపియన్ ట్యూబు కణాల్లా మారే హానిలేని మార్పు) అని వదిలేసే ముందు సీలియానో (కణం మీది సన్నటి వెంట్రుకలు), వాటి మొదట్లో గీతలా ఉండే టెర్మినల్ బారో కంటితో చూసి తీరాలి. పొడవాటి న్యూక్లియైలు పొరలు పొరలుగా, చివరన మైటోసిస్, సన్నటి అపోప్టోటిక్ తునకలు ఉంటే అది ట్యూబల్ కాదు.

ఎండోమెట్రియల్ కణాలు 45 ఏళ్లు, ఆపై వయసులో కనిపిస్తే రిపోర్టు చేయాలి, 2014 బెథెస్డాలో ఆ వయసు 40 నుంచి 45కు మారింది. ఈ చిన్న చిక్కటి గుండ్రటి గుంపులను ఇమేజర్ ఇష్టంగా తెచ్చి చూపిస్తుంది. ఫారంలో వయసు చూడకుండా దాటేసే అవకాశం ఎక్కువ, వయసు స్క్రీను మీద ఫీల్డు పక్కనే కనబడేలా పెట్టించుకోండి.

---

పిక్సెల్‌పాత్

కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి డిజిటల్ వైపు కూడా ఒక కన్నేయండి. థిన్‌ప్రెప్ తయారుచేసే హోలోజిక్ వాళ్ల జీనియస్ సిస్టమ్‌కు 2024లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అందులో మోటరు స్టేజీ ఉండదు, స్లైడు మొత్తం డిజిటల్ బొమ్మ అవుతుంది, అల్గారిదమ్ ఏరిన కణాల గ్యాలరీ స్క్రీను మీద వస్తుంది.

నిల్వ లెక్క ముందే వేసుకోండి. పిక్సెల్‌కు 0.25 మైక్రాన్ల చొప్పున 20 మిల్లీమీటర్లంటే 80,000 పిక్సెళ్లు. 80,000ను 80,000తో గుణిస్తే 640 కోట్ల పిక్సెళ్లు, పిక్సెల్‌కు మూడు బైట్లు, కంప్రెషన్ లేకుండా 19 గిగాబైట్ల పైమాటే. వృత్తం బయటి మూలలు వదిలేస్తే 15. కంప్రెస్ చేసినా ఒక్క తలానికి గిగాబైటు దాకా రావచ్చు. ఎక్కువ పవర్‌లో ఒక తలం ఫోకస్ లోతు మైక్రాన్ చుట్టుపక్కలే, కణాల గుంపు మందం అంతకు చాలా రెట్లు. అందుకే కొన్ని స్కానర్లు తలాలు విడివిడిగా దాస్తాయి, కొన్ని అన్నిటినీ కలిపి ఒకే స్పష్టమైన బొమ్మగా చేస్తాయి. కలిపిన బొమ్మ చిన్నది, చూడటానికి బాగుంటుంది, కానీ దాంట్లో ఫైన్ ఫోకస్ తిప్పి గుంపు లోపలికి వెళ్లలేం. పైన అట్రోఫీకి చెప్పిన చిట్కా అక్కడ పనిచేయదు. అనుమానం ఉన్న గుంపుకు గాజు స్లైడు తీసి చూసే దారి తెరిచే ఉంచాలి.

హెచ్‌పీవీ ముందు, సైటాలజీ తర్వాత అన్న పద్ధతికి మారే ఆలోచన ఉంటే ఇంకో లెక్క. 2021 డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాలు హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షనే మొదటి పరీక్షగా సిఫారసు చేశాయి. అప్పుడు సైటాలజీకి వచ్చేవన్నీ పాజిటివ్ శాంపిల్సే. స్లైడ్ల సంఖ్య తగ్గుతుంది, వాటిలో అసాధారణాల వాటా పెరుగుతుంది, ఫీల్డుల నుంచి పూర్తి స్లైడుకు వెళ్లే శాతం క్యూసీ_రిజిస్టర్ గారు చెప్పిన 50 వైపు నడుస్తుంది. పాజిటివ్ అని ముందే తెలిస్తే స్క్రీనరు ఆస్కస్ ఎక్కువ పిలవడం కూడా సహజం, పాత నిష్పత్తులతో పోల్చి ఎవరినీ తప్పుపట్టకండి, కొత్త బేస్‌లైన్ కట్టుకోండి.

---

క్యూసీ_రిజిస్టర్

పిక్సెల్‌పాత్ గారు చెప్పినదానికి ఒక్క మాట. డిజిటల్‌కు వెళ్లినా గాజు స్లైడు దాచే బాధ్యత అలాగే ఉంటుంది, క్లియాలో అయిదేళ్లు. కొత్తగా హెచ్‌సిల్ లేదా క్యాన్సర్ వచ్చిన ప్రతి మహిళకూ గత అయిదేళ్ల నెగటివ్‌లు, ల్యాబులో ఉన్నవి, తీసి చూడాలి. అప్పుడు తీసే స్లైడు ఇమేజర్‌తో చదివిందా, మాన్యువల్‌గా చదివిందా అన్నది రిపోర్టు మీదే ముద్రపడి ఉండాలి. స్లైడ్‌బెంచ్ గారూ, ఆ గడి మీ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడు లేకపోతే మొదటి స్లైడు స్కాన్ చేసేముందే పెట్టించండి.